సోలాపూర్‌లో బతికిన తమ్ముడు

ఈ పనికి ధైర్యవంతుడు పనికిరాడు. భయపడేవాడే కావాలి. టాకీసులో ఆపరేటరుగా చేరిన రోజు నుంచి ఆ టాకీసు మూతపడేదాకా ప్రతి ఆటా నేను భయపడుతూనే ఆడించాను. రీలు తెగుతుందేమో, వెలుతురు ఆరిపోతుందేమో, మొదటి మిషను ఆగేసరికి రెండోది అందుకోదేమో, అందుకోకపోతే కింద కుర్చీలు విరుగుతాయేమో. ఆ భయం వల్లే నా ఆటలు సాఫీగా సాగాయి. తీరిగ్గా బీడీ వెలిగించుకుని మెట్ల మీద కూర్చునే ఆపరేటర్లను చాలామందిని చూశాను. ఎక్కువగా తెగేవి వాళ్ల రీళ్లే.

ఇప్పుడు రీళ్లు లేవు. మా పేట పిల్లలు కొందరు మాల్‌లోని సినిమా హాళ్లలో ఇదే పని చేస్తున్నారు. కనబడితే పాత మిషను గురించి అడుగుతారు. అదెలా వెలిగేది, ఫిల్ము ఎలా అతికించేవాళ్లు అని. చెబుతాను. కానీ మిషను ఎవరైనా నేర్చుకోగలరు. నేర్చుకోవడం కష్టమైంది వేరే ఉంది. మనం ఆడించిన సినిమా చూసినవాళ్ల లోపల ఎన్నేళ్లు, ఎలా ఆడుతుందో మనకు తెలియదు. ఈ ఎండాకాలం ఆ సంగతి నా గుండెల మీద కూర్చుని ఊపిరి ఆడనివ్వలేదు. అది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

పర్దా నై, పబ్లిక్

మా టాకీసు జోడ్‌భావి పేట్‌కూ దాజీ పేట్‌కూ మధ్యలో ఉండేది. రోజూ హిందీ, మరాఠీ సినిమాలు. ఆదివారం పొద్దుటి ఆట మాత్రం తెలుగు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి తాతల కాలంలో వలసవచ్చిన నేతవాళ్లం మేము. ఆదివారం పొద్దున పేట పేటంతా టాకీసు ముందే ఉండేది. ఆడవాళ్లు వారమంతా తునికాకుల ముందు కూర్చుని బీడీలు చుట్టి వచ్చేవాళ్లు. మగవాళ్లు సాంచాల దగ్గర నిలబడి నిలబడి వచ్చేవాళ్లు. సాంచా అంటే మరమగ్గం. దాని చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేసినవాడికి మామూలు మాట వినబడదు. అందుకని తెలుగు ఆటకు సౌండు పెంచి పెట్టేవాళ్లం. ఎంత పెంచినా వెనక బెంచీల నుంచి "ఆవాజ్!" అని ఒక అరుపు వచ్చేది.

నాకు పని నేర్పింది ఉస్తాద్. పెద్దమనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. చేరిన కొత్తలో నేను నోరు తెరుచుకుని సినిమా చూస్తుంటే నెత్తి మీద ఒకటి మొట్టాడు. "పర్దా నై, పబ్లిక్ దేఖ్" అన్నాడు. చిన్న కిటికీలోంచి తెర వైపు కాదు, కింద తలల వైపు చూడమని. తలలు కదలకపోతే బొమ్మ సరిగ్గా ఉన్నట్టు. తలలు పక్కకు తిరుగుతున్నాయంటే ఎక్కడో తేడా వచ్చినట్టు. భాష రాకపోయినా ఏ సీన్ దగ్గర మా ఆడవాళ్లు ముక్కు చీదుతారో ఆయనకు తెలుసు.

ఆ తలలను చూస్తూనే నాకు అర్థమైంది, జనం చూసే సినిమా ఒకటి కాదని. ఒకసారి ఏదో సినిమాలో హీరో హోటల్ గదిలోకి వస్తాడు. మంచం మీద సోలాపూర్ చాదర్ పరిచి ఉంది. హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు, చప్పట్లు, ఎగరేసిన టోపీలు. హీరోకు ఒక్క ఈల లేదు, అంతా చాదర్‌కే. "అరే, గా చాదర్ మా మిల్లు ఖాతాల నేసిందిరా!" అని ఒకాయన బెంచీ ఎక్కి నిలబడ్డాడు. ఆయన ఆ సినిమా ఆడినన్ని ఆదివారాలూ వచ్చాడు. ఆ సీన్ అయిపోగానే లేచి వెళ్లిపోయేవాడు. కథేమిటని అడిగితే చెప్పలేకపోయేవాడు. ఆయనకు ఇష్టమైన సినిమా అదే.

ఏడ్చే హాలు ఖాళీ కాదు

టాకీసు యజమానిని అందరం సేఠ్ అనేవాళ్లం. చెడ్డవాడు కాదు. కానీ అతనికి సినిమా అంటే ఒక ఆటకూ మరో ఆటకూ మధ్య ఉండే ఖాళీ. ఆ ఖాళీలో హాలు ఊడ్వాలి, కొత్త జనాన్ని లోపలికి వదలాలి. తెలుగు ఆట ఆలస్యమైతే బయట మరాఠీ ఆటకు వచ్చినవాళ్లు గేటు ఊపేవాళ్లు. ఇంకోపక్క మిల్లు భోంగా మోగేది. ఆ సైరన్ వినబడగానే పాళీ, అంటే షిఫ్టు, ఉన్న మగవాళ్లు సినిమా మధ్యలోనే లేచి పరుగెత్తేవాళ్లు.

అప్పుడొచ్చింది అక్కాతమ్ముళ్ల సినిమా ఒకటి. పేరు చెప్పను. మా పేటలో దాన్ని ఎవరూ పేరుతో పిలవరు, "తమ్ముని సినిమా" అంటారు. కథ చిన్నది. తల్లీతండ్రీ లేని అక్క తమ్ముణ్ణి పెంచుతుంది. వాడు బొగ్గుగనిలో పనికని పోతాడు, మళ్లీ కబురు ఉండదు. ఇల్లు కూలగొట్టి రోడ్డు వేస్తామని కాంట్రాక్టరు మనుషులు వస్తారు. అక్క గడపలో కూర్చుని కదలదు. నేను ఇక్కణ్ణించి లేస్తే నా తమ్ముడు ఎక్కడికి వస్తాడు అంటుంది. చివరకు తమ్ముడు బండి దిగి వచ్చి "అక్కా" అని పిలుస్తాడు.

సినిమా అక్కడితో అయిపోదు. ఇంకో రీలు ఉంది. ఆదివారానికి ముందు ఖాళీ హాల్లో ఒకసారి వేసి చూసుకునేవాళ్లం. ఆ రోజు మిషను దగ్గర ఉస్తాద్ ఉన్నాడు. నేను పక్క గదిలో అయిపోయిన రీళ్లను వెనక్కి చుడుతున్నాను. కింద సేఠ్ ఒక్కడే కూర్చుని చూశాడు. అయిపోయింది, లైట్లు వేశాం. సేఠ్ లేవలేదు. ఉస్తాద్ కిందికి దిగి చూస్తే రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడట. ఆ చివరి రీలులో తమ్ముడు గని దగ్గు పట్టి, అక్క ఒళ్లో చచ్చిపోతాడని ఉస్తాద్ చెప్పాడు.

సేఠ్ మొహం తుడుచుకుని ఉస్తాద్‌తో అన్న మాట ఇది: "నేనే లేవలేకపోయాను. ఆ ఆడవాళ్లు లేస్తారా? రడ్‌ణారీ పబ్లిక్ లవ్కర్ ఉఠత్ నాహీ." ఏడ్చే జనం తొందరగా లేవరు. తమ్ముడు వచ్చాడు కదా, అక్కడితో ఆపి పంపించమన్నాడు. నల్ల గాజు పలక మీద "శుభం" అని రాయించి ఇచ్చాడు. తమ్ముడు "అక్కా" అనగానే ఆ పలక తెర మీద వేసి లైట్లు వెలిగించేవాళ్లం. చివరి రీలు డబ్బాలోనే ఉండేది. నేను దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

ఇది సేఠ్ ఒక్కడు చేసిన పని కాదు. ఆ రోజుల్లో టాకీసుల్లో ఇలాంటివి మామూలే. పాట తీసేసేవాళ్లు, ఫైటు తగ్గించేవాళ్లు. ఎవరికీ తప్పుగా తోచేది కాదు, నాకూ తోచలేదు. జనం నవ్వుకుంటూ బయటికి వచ్చేవాళ్లు, భోంగా మోగేలోపు మగవాళ్లు పాళీకి అందుకునేవాళ్లు. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాం. ప్రతి యేడూ నూలు పున్నమికి, మార్కండేయుడి రథం ఊరేగే రోజుల్లో, ఆ బొమ్మను మళ్లీ తెప్పించేవాళ్లం. రాఖీ కట్టించుకున్న తమ్ముళ్లు అక్కలను తీసుకుని వచ్చేవాళ్లు. అలా సోలాపూర్ తెలుగువాళ్లందరికీ ఆ తమ్ముడు బతికే ఉన్నాడు.

సత్తవ్వ

సత్తవ్వ మా వీధిలోనే ఉండేది, దాజీ పేట్‌లో పలు వాటాలున్న ఒక పాత వాడా ఇంట్లో. నాకన్నా పెద్దది. నన్ను "తమ్మీ" అంటుంది, నేను "అక్కా" అంటాను. గడపకు ఒక పక్కన, వెలుతురు పడేచోట, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటుంది. ఆమె వీపు ఆనుకునేది వాడా పెద్ద గోడకు.

ఆమె తమ్ముడు నర్సింలు. అమ్మా నాన్నా పోతే సత్తవ్వే పెంచింది. పెళ్లయ్యాక కూడా వాణ్ణి దగ్గరే పెట్టుకుంది. సాంచాలకు పని లేని కాలంలో వాడు భీవండి పోయాడు. అక్కడ పని దొరికితే పిలుస్తానన్నాడు. కొన్నాళ్లు వచ్చేపోయేవాళ్లతో కబురు చెప్పి పంపాడు. తర్వాత అదీ లేదు. వెళ్లి వెతికారు, ఎవరూ ఆచూకీ చెప్పలేకపోయారు. పోయేముందు అక్కను తీసుకుని వాడు చూసిన సినిమా ఆ తమ్ముని సినిమానే.

తర్వాత ప్రతి నూలు పున్నమికీ సత్తవ్వ ఒంటరిగా వచ్చేది. ఆమె ముందు వరసలో అంచున కూర్చునేది. పైనుంచి ఆమె తల నాకు గుర్తే. బండి ఆగే సీన్‌లో అందరూ ఈలలు వేస్తుంటే ఆమె తల కొంచెం ముందుకు వంగేది, చీకట్లో వచ్చేది ఎవరో పోల్చుకుంటున్నట్టు.

కొడుకు అంబదాస్‌కు సిరిసిల్ల నుంచి పిల్లను తెచ్చారు. కోడలు సుజాత అక్కడి టాకీసులో సినిమా పూర్తిగా చూసింది. ఒకరోజు మాటల్లో తమ్ముడు చచ్చిపోతాడని అనేసింది. అత్త చేతిలో కత్తెర ఆగిందట. "మీ సిరిసిల్లల చచ్చిండేమో, మా సోలాపూర్ల బతికిండు" అంది సత్తవ్వ. వీధంతా ఆ మాట చెప్పుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఎవరమూ ఆమెకు సర్దిచెప్పలేదు. ఆ బొమ్మ టీవీలో ఎప్పుడూ వచ్చినట్టు లేదు, కాబట్టి తగువు అక్కడే ఆగిపోయింది.

గోడ

ఈ ఎండాకాలం ఆ నవ్వంతా పోయింది. నిరుటి వానలకే వాడా వెనక మూల కూలింది. పెద్ద గోడకు పగులు పట్టింది. ముందు దారం మందాన ఉండేది, ఎండలు ముదిరేసరికి చెయ్యి పట్టేంత అయింది. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చూసి, ఎర్ర రంగుతో గుర్తు పెట్టి, వానలకు ముందే ఖాళీ చేయమన్నారు. మిగతా వాటాలవాళ్లు వెళ్లిపోయారు. ఊరి బయట బీడీ కార్మికుల కాలనీలో అంబదాస్‌కు ఇల్లు ఉంది. భార్యాపిల్లలను అక్కడికి చేర్చాడు. సత్తవ్వ కదలలేదు. అంబదాస్ పగలు పనికి పోయి, సాయంత్రం వచ్చి ఆ గోడ పక్కనే తల్లి దగ్గర పడుకునేవాడు. మనిషి సగమయ్యాడు.

నేను అటు పోయినప్పుడల్లా పగులు చూసేవాణ్ణి. చూడకూడదనుకున్నా కళ్లు అక్కడికే పోయేవి. ఆ గోడకే వీపు ఆనించి ఆమె బీడీలు చుడుతూ ఉండేది.

"అక్కా, జర ఇవతలకన్న జరుగరాదు" అన్నాను ఒకసారి.

"వెలుతురు ఈడనే పడ్తది తమ్మీ" అంది.

"గోడ పడ్తదే."

"పడేదైతే ఇన్నొద్దులు ఆగునా? ఆమె కూడ గట్లనే కూసున్నది. కూలగొడ్తమన్నరు, లేసిందా? లేస్తే తమ్ముడు ఎక్కడికొస్తుండె? మా నర్సింలుకు ఈ తలుపొక్కటే తెలుసు."

ఆమె అంటే ఎవరో నాకు వేరే చెప్పనక్కర్లేదు. అంతవరకూ అది ఆమె మొండితనం అనుకున్నాను. ఆ మాటతో కాదని తెలిసింది. మేము శుభం అని పలక వేసి పంపించిన సినిమాను పట్టుకుని ఈమె గోడ కింద కూర్చుంది.

తొలి జల్లు పడిన సాయంత్రం అంబదాస్ మా ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు.

"మామా, మట్టి రాల్తున్నది. నేను నిద్రపోతలేను. ఎత్తుకపోదమంటే తలుపు పట్టుకుంటది. అమ్మకు నువ్వే చెప్పాలె."

"చెప్పిన బిడ్డా, ఇనలె."

"మాట కాదు మామా, సినిమా చూపియ్యి. పూరా." జేబులోంచి ఫోన్ తీశాడు. "ఎవరో గిండ్ల పెట్టిండ్రు, మొత్తం ఉన్నది. నేను చూపిచ్చిన. ఫోన్ల మనిషిని గుర్రం చేస్తరు, గుర్రాన్ని మనిషి చేస్తరు, నేను నమ్మ అన్నది. ఆపరేటర్ పర్ద మీద ఆడిస్తే నమ్ముత అన్నది."

వాడి ఉద్దేశం నాకు తెలిసింది. తమ్ముడు చచ్చిపోవడం చూస్తే తల్లి ఆశ వదులుకుంటుంది, ఇల్లు వదులుతుంది.  ఆమెకు బీపీ ఉంది. చూస్తూ చూస్తూ అక్కడే కూలిపోతే? చూపించకపోతే గోడ ఉండనే ఉంది. జీవితమంతా రీలు తెగుతుందని భయపడ్డవాణ్ణి, రీలు తెగకుండా చివరిదాకా ఆడుతుందని మొదటిసారి భయపడ్డాను.

చెప్పడం

చెప్పకుండా చూపించడానికి మనసొప్పలేదు. మర్నాడు వెళ్లి ఆమె ఎదురుగా గడపలో కూర్చున్నాను. ఆకు కత్తిరిస్తూ ఉంది.

"అక్కా, తమ్ముని సినిమాల చివరి రీలు మేము ఎయ్యలె."

చేతులు ఆగలేదు. "ఎందుకెయ్యలె?"

"మీరు ఏడుస్తరని సేఠ్ వద్దన్నడు."

"మేము ఏడిస్తే ఆయనకేం పోయింది?"

"ఏడ్చేటోళ్లు జల్ది లేవరంట. మరాఠీ ఆటకు లేటయితదని."

సత్తవ్వ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఇంకా భయం వేసింది. నవ్వు తగ్గాక, "అయితె సిరిసిల్లది చెప్పింది నిజమేనన్నట్టు" అంది.

"నిజమే అక్కా. సచ్చిపోతడు."

"ఇంటికొచ్చినంకనే కద?"

"వచ్చినంకనే."

చేతిలోని ఆకు చేటలో పెట్టింది.  నేను గోడ వైపు చూడకుండా ఆమె కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె అడిగింది వేరే.

"మల్ల ఆమె ఏం చేస్తది?"

"ఎవరు?"

"అక్క. తమ్ముడు సచ్చినంక అక్క ఏం చేస్తది?"

నాకు తెలియదు. అదే చెప్పాను.

"ఇన్నేండ్లు ఆడిచ్చినవ్, తెల్వదా?" అంది. ఆ మాట సూదిలా గుచ్చుకుంది. "అయితె ఆడియ్యి, చూస్త. నువ్వు మాత్రం ముందుగాల చూడకు. చూస్తే మల్ల యాడనో ఓ కాడ కట్ చేస్తవ్. అంబదాస్‌కు గూడ చెప్పు."

ఆమె చెప్పినట్టే చేశాను. ముందుగా వేసి చూసుకోకుండా బొమ్మ ఆడించడం నా పనిలో ఎన్నడూ లేదు. అంబదాస్ కూడా తమ్ముడు చచ్చేదాకా చూసి ఫోన్ కట్టేసినవాడే. ఆ తర్వాత ఏముందో మా ఇద్దరికీ తెలియదు, ఎప్పుడో చూసిన సుజాతకు తమ్ముడి చావు తప్ప ఇంకేదీ గుర్తులేదు. ఆ రోజులన్నీ అన్నం సయించలేదు.

మంగళ కార్యాలయంలో

మా పేటలో పెళ్లిళ్లు జరిగే మంగళ కార్యాలయం అడిగి తీసుకున్నాం. ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చాం. డిజైన్ లేని తెల్లబట్ట వెడల్పుగా కుట్టించి గోడకు బిగించాం. సాయంత్రం అయ్యేసరికి వీధి ఆడవాళ్లంతా వచ్చారు. చెప్పులు విడిచి జంఖానాల మీద కూర్చున్నారు. కొందరు బీడీల చేటలతోనే వచ్చారు. సత్తవ్వ ముందు వరసలో అంచున కూర్చుంది. ఆమె పక్కన అంబదాస్. వెనకాల నీళ్ల సీసా, బీపీ మాత్ర పట్టుకుని సుజాత.

బొమ్మ మొదలైంది. నేను అలవాటుగా తలల వైపు చూస్తూ నిలబడ్డాను. ఈ వయసులో సినిమా చూస్తే జనం నోరు ఊరుకోదు. "అగో, గీ పాటప్పుడు మా పెద్దోడు నా కడుపుల ఉండె" అంది ఒకామె. "మా ఆయనకు గీ పోరి అంటె మస్తు ఇష్టముండె, గందుకే నన్ను ముందు తోలి ఎన్క కూసుంటుండె" అని ఇంకొకామె. ఒక ముసలాయన, చెవులు పూర్తిగా పోయినవాడు, తెర మీది పెదవులు చూస్తూ ఒక్కో మాటా ముందే అనేస్తున్నాడు. పోయినవాళ్లు, పెళ్లయి వెళ్లినవాళ్లు, మూతపడ్డ కార్ఖానాలు, అందరూ ఆ హాల్లోకి వచ్చి కూర్చున్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ చూపు సత్తవ్వ మీదనుంచి తీయలేదు.

బండి వచ్చింది. తమ్ముడు దిగాడు. "అక్కా" అన్నాడు. హాల్లోని ఆడవాళ్లు ఒక్కసారిగా లేచారు. కొంగులు సర్దుకుంటున్నారు, చెప్పులు వెతుక్కుంటున్నారు. బొమ్మ ఆడుతూనే ఉంది, వాళ్ల కాళ్లకు మాత్రం అది అయిపోయింది. శుభం పడాలి, లైట్లు వెలగాలి, పాళీకి అందుకోవాలి. "కూసోండ్రమ్మా, ఇంక ఉన్నది" అని వెనకనుంచి అరిచాను. లేవకుండా కూర్చున్నది సత్తవ్వ ఒక్కతే.

తర్వాత నేనూ తెర వైపు చూడక తప్పలేదు. తమ్ముడు దగ్గుతాడు. అక్క కషాయం కాచిపోస్తుంది. ఒకరోజు ఎండ పొడలో ఆమె ఒళ్లో తల పెట్టుకుని వాడు కళ్లు మూస్తాడు. హాలు ఏడ్చింది. సుజాత కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సత్తవ్వ తల కదలలేదు. ఊపిరి ఆడుతోందా లేదా అని ఆమె వీపు వైపు చూశాను. ఆడుతోంది.

ఆ తర్వాతిది ఎవరం అనుకోనిది. అక్క వాణ్ణి సాగనంపి వస్తుంది. ఇల్లు ఊడుస్తుంది. దీపం పెడుతుంది. మళ్లీ అదే గడపలో కూర్చుని, అదే దారి వైపు చూస్తూ ఉండిపోతుంది. ఇల్లు మెల్లగా చిన్నదవుతుంది, సమాప్తం.

అంబదాస్ రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. తల్లిని ఆ గడప దాటించడానికి సినిమా చూపించమన్నాడు. సినిమా ఆమెను అక్కడే కూర్చోమంది.  లైట్లు వేశాను. సేఠ్ అన్నది నిజమే, ఒక్కరూ లేవలేదు.

మొదట మాట్లాడింది సత్తవ్వ.

"ఏంది గది? ఇగ ఎవని కోసం కూసున్నదది?"

 పక్కనున్న ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ, "అలవాటైంది కద అక్కా, యాడికి పోతది" అంది.

"అలవాటైతే? వచ్చెటోడు వచ్చె, పోయెటోడు పోయె. ఇంక గడప పట్టుకుని కూసుంటదా? ఇన్నేండ్లు నాకు బుద్ధి చెప్పిన మనిషి గిట్ల చేస్తదా?" గొంతు పెరిగింది. పక్కింటామెతో పోట్లాడుతున్నట్టు తెల్లబట్ట వైపు చెయ్యి ఊపింది. "పిచ్చిది! ఉట్టి పిచ్చిది!"

చెప్పులు వెతుక్కుని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బయటికి నడిచింది. ఇల్లు వదులుతానని అనలేదు, వదలనని కూడా అనలేదు. అంబదాస్ నా వైపు చూశాడు. నేను గోడకు బిగించిన తెల్లబట్ట విప్పడం మొదలుపెట్టాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

ఆ తర్వాతి రోజులు నా జన్మలో అన్నిటికన్నా కష్టమైనవి. మబ్బు పట్టేది, విడిపోయేది. మబ్బు చూసినప్పుడల్లా గోడ దగ్గరికి పోయి చూసివచ్చేవాణ్ణి. సత్తవ్వ అక్కడే బీడీలు చుడుతూ ఉండేది. సినిమా ఊసు ఎత్తేది కాదు. నేనూ ఎత్తలేదు.

ఆ తిరుగుళ్లలోనే కొత్తవాళ్లకు ఏం చెప్పాలో నాకు తేలింది. సేఠ్‌ను నేను ఇప్పటికీ తిట్టను. జనం నవ్వుకుంటూ పోవాలనుకున్నాడు, అది పాపం కాదు. కానీ చూసేవాళ్ల దుఃఖాన్ని వాళ్లకు బదులు మనం కొలవకూడదు. సినిమా ముగింపు చూసి జనం తలాడిస్తూ లోబడిపోతారని మనం అనుకుంటాం, అంబదాస్ అనుకున్నట్టే. వాళ్లు సినిమాతో పోట్లాడతారు, దాన్ని తిడతారు, ఎదురు తిరుగుతారు. ఆ పోట్లాట వాళ్ల హక్కు. అందుకని మీ చేతిలో బటన్ ఉంది కదా అని ముందే లైట్లు వేయకండి. ఆఖరి పేరు పోయేదాకా చీకటి ఉండనివ్వండి. భయపడండి, కానీ ఆడించండి.

ఒక పొద్దున అంబదాస్ ఫోన్ చేశాడు. నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాను. వాడా ముందు టెంపో నిలబడి ఉంది. మంచం, బిందెలు, బియ్యం డబ్బా ఎక్కించారు. సత్తవ్వ చేట ఒళ్లో పెట్టుకుని డ్రైవర్ పక్కన కూర్చుని ఉంది. టెంపో తలుపు పట్టుకుని నిలబడ్డాను. సంతోషమో ఏడుపో తెలియడం లేదు.

అంబదాస్ రంగు డబ్బా, కుంచె పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాడు. "అమ్మా, కాలనీ పత్తా రాస్త. నర్సింలు మామ వస్తే తెలుస్తది" అన్నాడు.

"వద్దు" అంది సత్తవ్వ.

"తలుపు మీద కాకుంటే ఎదురుంగ రాస్త, చాయ్ హోటల్ గోడకు."

"వద్దంటున్న కద. ఎక్కు. మబ్బైతున్నది."

వాడు కుంచె పట్టుకుని నా వైపు చూశాడు. నేనూ ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, మరి నర్సింలు వస్తే?"

సత్తవ్వ చేటలో ఆకులు ఎగరకుండా కొంగు కప్పింది.

"వస్తే తొవ్వ అడుక్కుంట వస్తడు తమ్మీ. నేను ఇన్నేండ్లు కూసున్న. ఇగ వాడు జరంత తిరగని."